బరువు ఎవరిది?

రాజమహేంద్రవరంలో మా ఇంటి వసారా దూలానికి ఒక కొక్కెం కాటా వేలాడుతుంటుంది. నేను అమెరికా తిరిగి వెళ్లే ముందు రోజు పెట్టెలు తూచే పని ఎప్పుడూ మా అక్కదే. పెట్టెకి 23 కిలోలు. ఆవకాయ సీసా ఇందులోంచి అందులోకి, కందిపొడి అందులోంచి ఇందులోకి మారుతూ ఉంటాయి. ఈసారి ఆ పెట్టెల పక్కన నా నడక సంచీ కూడా ఉంది. భుజం పట్టీ తెగితే, మా వీధి చివర చెప్పులు కుట్టే తాతతో బాగుచేయించుకుందామని తెచ్చాను. కిందటి ఆగస్టులో నలుగురు మిత్రులతో కలిసి కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా సరస్సుల మధ్య ఏడు రోజులు నడిచినప్పుడు నా వీపున ఉన్నది అదే.

అక్క డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. యాభై నాలుగో ఏట స్నేహితురాళ్లతో కలిసి కశ్మీర్ సరస్సుల దారి ఏడు రోజులు నడిచి వచ్చింది. వాళ్ల సామాను గుర్రాలు మోశాయి. మా సామాను మేమే మోశాం. ఆ తేడా దగ్గర మొదలైన మాట రాత్రి భోజనాల దాకా సాగింది.

అక్క: ఖాళీ సంచీయే రెండు కిలోలుందిరా! నింపితే ఎంత?

నేను: బయల్దేరిన రోజు పదహారున్నర. డేరాలో నా వాటా, నిద్రసంచీ, కింద పరుచుకునేది, చలికోటు, నీళ్ల ఫిల్టరు, గ్యాస్ డబ్బా, ఏడు రోజుల తిండి. తిండి రోజుకి ముప్పావు కిలో లెక్క. దాన్ని దాచడానికి ఎలుగుబంటి డబ్బా ఒకటి, అదే కిలో పైన ఉంటుంది.

అక్క: ఎలుగుబంటి డబ్బా ఏమిటి?

నేను: గట్టి ప్లాస్టిక్ పీపా. ఎలుగు గోళ్లకి దాని మూత రాదు. తిండే కాదు, సబ్బు, పళ్ల పేస్టు, వాసన వచ్చేదేదైనా రాత్రి అందులో పెట్టి డేరాకి దూరంగా ఉంచాలి. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు జనం మీదికి రావడం మొదలుపెడితే చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది. అందుకే ఆ డబ్బా మన తిండికంటే దాని ప్రాణానికి కాపలా.

అక్క: అది మంచి మాట. కానీ పదహారు కిలోలు వీపున పెట్టుకుని కొండెక్కడం దేనికిరా? అలిపిరి దగ్గర సామాను దేవస్థానం వాళ్లకి అప్పజెప్పి, చేతులూపుకుంటూ 3,550 మెట్లెక్కుతాం. దేవుడు తక్కువ దర్శనమిచ్చాడా? బరువు మోసేవాడి చూపు కాళ్ల ముందు రెండడుగులు దాటదు. నా వీపు ఖాళీగా ఉంది కాబట్టే గడ్‌సర్ సరస్సు దగ్గర రాతి సందులో నీలి గసగసాల పువ్వు కంటపడింది. ముప్పై ఏళ్లు పాఠంలో చెప్పిన మొక్కని మొదటిసారి అక్కడ చూశాను. మోకాళ్ల మీద కూర్చుని దాని ముళ్లు లెక్కపెట్టాను. నువ్వు నీ దారిలో ఎన్ని పూలు చూశావు?

నేను: పూల లెక్కలో నేను ఓడిపోయినట్టే. కానీ బరువు నాకు ఇంకోటి చూపించింది అక్కా. బయల్దేరే ముందు వారం రోజులు ప్రతి వస్తువునీ వంటింటి కాటా మీద పెట్టాను. రెండో చొక్కా కావాలా? పుస్తకం కావాలా? ఏడు రోజులు బతకడానికి నిజంగా ఏమేం కావాలో నలభై ఏళ్లలో అంత సూటిగా నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. గుర్రం మోస్తుందంటే ఆ ప్రశ్నే పుట్టదు. మీ గుంపు వెంట బల్లలు, కుర్చీలు, గ్యాస్ సిలిండర్లు, గుడ్ల అట్టలు వచ్చాయని నువ్వే చెప్పావు. అంత సరంజామా అంత ఎత్తుకి ఎక్కితే పచ్చిక ఏమవుతుంది?

అక్క: నలుగుతుంది. కాదనను. విషన్‌సర్ ఒడ్డున డేరాలు వేసే చోట గడ్డి చచ్చి నేల బోడిగా ఉంది. అది చూసి బాధపడ్డాను. కానీ ఆ పచ్చిక ఎవరిదో కూడా చూడాలి కదా. జమ్మూ వైపు నుంచి బక్కర్వాలులు ప్రతి వేసవి మేకలతో, గొర్రెలతో, గుర్రాలతో ఆ కనుమలు దాటి వస్తారు. చలి మొదలవగానే దిగిపోతారు. గుజ్జర్లకి అక్కడ మట్టి కప్పు వేసిన కొయ్య ఇళ్లున్నాయి. మనం డబ్బులిచ్చి నడిచే దారి వాళ్లకి పుట్టినప్పటి నుంచీ ఇంటి దారి. మంచు కరిగిన రెండు మూడు నెలల్లో గుర్రం మీద వచ్చే కూలి వాళ్లకి ఏడాది ఖర్చులో పెద్ద భాగం. నువ్వు అన్నీ వీపునేసుకుని, ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టకుండా వాళ్ల ఊళ్లోంచి నడిచిపోతే అందులో గొప్పేముంది?

నేను: సియెర్రాలో ఆ ఇళ్లు లేవు. 1964లో అమెరికా చేసిన చట్టం ప్రకారం అలాంటి అడవుల్లో మనిషి చుట్టంలా వచ్చి వెళ్లిపోవాలి, కాపురం ఉండకూడదు. రోజుకి ఇంతమందికేనని అనుమతి చీటీలు ఇస్తారు. సరస్సుకి కనీసం వంద అడుగుల దూరంలో డేరా. మలవిసర్జనకి నీటికి రెండు వందల అడుగుల అవతల ఆరేడు అంగుళాల గొయ్యి. తుడిచిన కాగితం కూడా సంచీలో వేసుకుని వెనక్కి తేవాలి. పదివేల అడుగులు దాటాక మంట వేయకూడదు, ఆ ఎత్తులో ఎండుపుల్ల మట్టిగా మారడానికే ఏళ్లు పడుతుంది. ఇవన్నీ నడిచేవాడే మోసినప్పుడు అలవాటవుతాయి. నా చెత్త నా వీపున ఉంటే చెత్త తగ్గించాలని నాకే తోస్తుంది.

అక్క: ఆ ఇళ్లు లేవా, లేకుండా పోయాయా? మీరు మొదట దాటిన కనుమ పేరేమిటన్నావు?

నేను: పయూట్ కనుమ. 11,423 అడుగులు.

అక్క: ఎవరు ఆ పయూట్లు?

నేను: అక్కడి ఆదివాసులు. కొండలకి తూర్పున వాళ్లది. అబ్సిడియన్ రాయి, ఉప్పు, పైన్ గింజలు పడమటి వాళ్లకి ఇచ్చి, సింధూర చెట్ల గింజలు తెచ్చుకునేవాళ్లు. ఆడవాళ్లు అల్లిన కూచి బుట్టలు వీపున పెట్టి, పట్టీ నుదుటికి తగిలించుకుని మోసేవాళ్లు. జాన్ మ్యూర్ ట్రెయిల్ అని మేం పిలిచే దారిని వాళ్ల భాషలో న్యూమూ పోయో అంటారు. జనం దారి అని అర్థం.

అక్క: మరింకేం! ఎవరూ లేని అడవి అని నువ్వు మురిసిపోయిన చోట ఒకప్పుడు తల్లులు బుట్టలు మోశారు. ఇక ఆ కాలిబాట సంగతి చెప్పు. దాన్ని ఎవరు తవ్వారు?

నేను: ఆ కొండల్ని కాపాడాలని పోరాడిన జాన్ మ్యూర్ 1914 డిసెంబరులో చనిపోయాడు. మరుసటి ఏడు కాలిఫోర్నియా శాసనసభ పదివేల డాలర్లు మంజూరు చేసి పని మొదలుపెట్టించింది. యోసెమిటీ లోయ నుంచి విట్నీ శిఖరం దాకా 211 మైళ్లు. పాలిసేడ్ వాగు పక్క కొండచరియ మీద ఆఖరి ముక్క పూర్తయ్యేసరికి 1938 వచ్చింది. రాయి పేల్చి, చేత్తో మెట్లు పేర్చారు.

అక్క: ఆ పేర్చినవాళ్లకి బియ్యం, మందుగుండు ఎవరు మోశారు?

నేను: కంచరగాడిదలు. ఇప్పటికీ దారి బాగుచేసే పనివాళ్లకి సామాను అవే తెస్తాయి. ఇంకా చెప్పాలంటే, మ్యూర్ స్థాపించిన సియెర్రా క్లబ్బే 1901 నుంచి ఏటా వేసవిలో పెద్ద పెద్ద గుంపుల్ని కొండల్లోకి తీసుకెళ్లేది. వంటవాళ్లు, గాడిదలు, పొయ్యిలు, అన్నీ ఉండేవి. ఒక్కొక్కసారి రెండు వందల మంది. పచ్చిక పాడవుతోందని తర్వాత వాళ్లే తగ్గించుకున్నారు.

అక్క: చూశావా. అందరి బరువూ ఎవరో ఒకరు మోశాకే నీ బరువు నువ్వు మోయగలిగావు. ఇందులో తప్పేమీ లేదు. 'నా బరువు నాదే' అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

నేను: గాడిద మోసింది కాబట్టి మంచే జరిగిందనుకోవద్దు. ఆ సరస్సుల కథ వింటే నీకు కోపం వస్తుంది. హిమానీనదాలు తొలిచిన గుంటలవి. కింద జలపాతాలు అడ్డం కాబట్టి వాటిలో చాలావాటికి చేప ఎన్నడూ ఎక్కలేదు. పసుపు కాళ్ల కప్పలు లక్షల్లో ఉండేవి. పట్నం జనానికి గాలం సరదా తీరాలని ట్రౌట్ పిల్లల్ని పాల క్యాన్లలో పోసి, గాడిదల మీద ఎక్కించి సరస్సుల్లో వదిలారు. తర్వాత విమానాల్లోంచి కూడా కుమ్మరించారు. ట్రౌట్‌లు తోకకప్పల్ని తినేశాయి. మిగిలినవాటిలో చాలావాటిని చర్మానికి పట్టే ఒక బూజు తెగులు చంపింది. ఒకప్పుడు అవి బతికిన చోట్లలో నూటికి తొంభైకి పైగా ఇప్పుడు కప్ప లేదు. 2014లో వాటిని ఆపదలో ఉన్న జీవాల జాబితాలో చేర్చారు. అక్కా, నీటి అడుగు రాయి కనిపించేంత తేట నీళ్లు. ఒడ్డున కూర్చుంటే సాయంత్రం ఒక్క కప్ప నీళ్లలోకి దూకిన చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను మొదటి రాత్రి ప్రశాంతత అనుకున్నాను.

అక్క: అయ్యో. కశ్మీర్‌లోనూ అదే చేప. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి గుడ్లు తెచ్చి పెంచారు. ఇప్పుడు విషన్‌సర్‌లో, గంగాబల్‌లో బ్రౌన్ ట్రౌట్ అంటే అదేదో ఆ నీటిలోనే పుట్టినట్టు చెబుతారు. మా గుంపులో ఒకామె వేయించుకు తింది కూడా. మీ కొండల్లో ఇక చేసేదేమీ లేదా?

నేను: ఉంది. కొన్ని సరస్సుల్లో వలలు వేసి చేపల్ని పూర్తిగా తీసేస్తున్నారు. ఏళ్లు పట్టే పని. తీసేసిన చోట కప్పలు మళ్లీ పెరిగాయి. అందుకే అంటున్నాను, కొండమీదికి ఏం మోసుకెళ్తున్నామన్నది చిన్న ప్రశ్న కాదు. మనిషి తనే మోయాల్సి వచ్చుంటే అన్ని చేపలు ఎక్కేవా?

అక్క: ఎక్కేవి కావు. అది ఒప్పుకుంటాను. కానీ నాది ఇంకో ప్రశ్న ఉంది. అందరూ తమది తామే మోయాలంటే కొండ ఎవరికి మిగులుతుంది? ముప్పై ఏళ్ల కుర్రాళ్లకి. మా ఆరుగురిలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, ఒకామెకి చక్కెర. నిచ్‌నై కనుమ ఎక్కుతుంటే చుట్టూ భోజపత్ర చెట్లు. తెల్లటి బెరడు పొరలు పొరలుగా లేస్తోంది. చేత్తో తాకి, తాతల నాటి రాతలు దీని మీదే రాశార్రా అని పిల్లల్లా అరిచాం. జాజ్ కనుమ మీద నిలబడితే కింద గంగాబల్, నుంద్‌కోల్ సరస్సులు జంటగా, వాటి మీద 5,142 మీటర్ల హర్ముఖ్ శిఖరం. ఇన్నేళ్లూ వంటింటికీ తరగతి గదికీ మధ్య తిరిగినవాళ్లం అక్కడ చేతులు పట్టుకుని ఏడ్చాం. గుర్రం లేకపోతే మాకు ఆ కనుమ లేదు.

నేను: మీరు అక్కడికి వెళ్లకూడదని నేనెప్పుడూ అనను అక్కా.

అక్క: నువ్వు అనవు. నీ నియమం అంటుంది. ఇంకోటి. మన మన్యంలో డోలీ మోత చూశావుగా. రోడ్డు లేని కొండ మీది ఊరి నుంచి నిండు గర్భిణిని కర్రకి కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి, నలుగురు వంతులు మార్చుకుంటూ వాగులు దాటి ఆసుపత్రికి తెస్తారు. వాళ్లకి మోయడం ముచ్చట కాదు. రోడ్డు పడితే అదే రోజు ఆ కర్ర పారేస్తారు. మోయడంలో ఏదో పుణ్యం ఉందని మనలాంటి వాళ్లం చెబితే ఆ భుజాలు ఏమనుకుంటాయి?

దానికి నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. అక్క లేచి పెట్టెలు మూసి, మంచినీళ్లు తెచ్చింది. అప్పటిదాకా దాచిన సంగతి చెప్పక తప్పలేదు.

నేను: నాదే నేను మోశానన్నాను కదా, అది పూర్తి నిజం కాదు. రెండో రోజు పయూట్ కనుమ అవతల పెద్ద దిగుడు. కుడి మోకాలు పట్టేసింది. మూడో రోజు పొద్దున లేచేసరికి నా సంచీ తేలిగ్గా ఉంది. ఎలుగుబంటి డబ్బా ఒకడు, డేరా ఇంకొకడు, గ్యాస్ మరొకడు తీసి తమ సంచుల్లో సర్దేసుకున్నారు. నన్ను అడగలేదు. నా వీపున తొమ్మిది కిలోలు మిగిలాయి. సిగ్గుతో గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు మాలో పెద్దవాడు నన్ను వరసలో ముందుకు తెచ్చాడు. నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలి, వెనక ఉంటే అందుకోలేక చితికిపోతాడు, ముందుంటే అందరూ అతని అడుగు పట్టుకుంటారు అన్నాడు. మిగతా ఐదు రోజులూ నా కుంటి అడుగే అందరి అడుగు.

అక్క: ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదేంరా?

నేను: చెబితే నా వాదం పోతుందని. ఎవల్యూషన్ సరస్సు నీకు నచ్చుతుంది. దాని చుట్టూ శిఖరాలకి డార్విన్, వాలెస్, హక్స్‌లీ పేర్లు. 1895లో సోలమన్స్ అనే కుర్రాడు పెట్టాడు. జాన్ మ్యూర్ ట్రెయిల్ కల కన్నదీ అతనే. దానిపైన వాండా సరస్సు. అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. నా వల్లే ఆలస్యం. మ్యూర్ కనుమ మీద మబ్బు కమ్మింది. ఆ బోడి రాళ్ల మీద పిడుగు పడితే దాక్కోవడానికి చోటుండదు. అందుకే కనుమల్ని మధ్యాహ్నం లోపే దాటాలంటారు. ఇద్దరు వెళ్లిపోదామన్నారు. పెద్దవాడు నా మోకాలు చూసి, 'ఇక్కడే డేరాలు' అన్నాడు. వడగళ్లు గంటసేపు డేరాని బాదాయి. పొద్దున్నే నీలాకాశంలో 11,955 అడుగులు ఎక్కాం. అక్కడ 1930లో కట్టిన రాతి గుడిసె ఉంది. కనుమకి ఒకవైపు వాండా, మరోవైపు హెలెన్. రెండు సరస్సులకీ మ్యూర్ కూతుళ్ల పేర్లే. గుడిసె గడప మీద ఐదుగురం ఒక చాక్లెట్ పంచుకున్నాం. నా డబ్బా మోసినవాడు దాన్ని నాకు తిరిగి ఇవ్వనన్నాడు. ఏడు రోజుల్లో నాకు అన్నిటికన్నా గుర్తున్నది వాడి వీపు అక్కా.

అక్క కాసేపు కాటా ముల్లు వైపే చూసింది.

అక్క: నేనూ ఒకటి దాచాను. గడ్‌సర్ కనుమ పదమూడు వేల అడుగులు దాటిన ఎత్తు. సన్నటి దారి, వాన. నా సంచీ మోసే గుర్రం తడి రాయి మీద జారి ముందు మోకాళ్ల మీద పడింది. గుర్రాలతను తాడు విప్పి నా సంచీ తన వీపున వేసుకున్నాడు. కాళ్లకి రబ్బరు బూట్లు. పైదాకా అలాగే ఎక్కాడు. ఆ సంచీలో ఏమున్నాయో తెలుసా? రెండు లావు పుస్తకాలు, రెండో జత బూట్లు, వేణ్ణీళ్ల సంచీ. ఏడు రోజుల్లో ఆ పుస్తకాలు ఒక్కసారీ తెరవలేదు. నాలుగు రోజులు అతని వెనక నడిచి, అప్పటిదాకా పేరైనా అడగలేదు. ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున అడిగాను. నా కూతురి ఈడు కూతురు అతనికి. నువ్వు కాటా మీద పెట్టి అడిగావే, ఇది కావాలా అని... ఆ ప్రశ్న నేను అడగలేదు కాబట్టి దాని జవాబు అతను మోశాడు.

నేను: అయితే నువ్వు నా వైపుకి వచ్చినట్టా?

అక్క: లేదురా. గుర్రం వద్దనను, అతని కూలి పోగొట్టను. నిజానికి ఆ కూలి ఇంకా పెరగాలి. నేను తెలుసుకున్నది ఒక్కటే. ఎవరి వీపున పెట్టినా అది నా బరువే. తగ్గించాల్సిన బాధ్యత నాది. పెట్టే ముందు ఆ వీపు ఎవరిదో తెలుసుకోవాల్సిందీ నేనే.

నేను: నేను తెలుసుకున్నది కూడా చెప్పనా? నాది నేనే మోయాలని బయల్దేరకపోతే, మోయలేని రోజున వాళ్లు తీసుకున్నది ఎంత విలువైనదో నాకు అర్థమయ్యేది కాదు. పదహారున్నర కిలోలు రెండు రోజులు మోశాను కాబట్టే, నా డబ్బా తీసుకున్నవాడు ఏం తీసుకున్నాడో తెలిసింది. డోలీ మోసేవాళ్లకి మనం పుణ్యం గురించి చెప్పకూడదు, నిజమే. వాళ్లు అడిగేది రోడ్డు, దాని కోసం వాళ్లతో కలిసి మనమూ అడగాలి. కానీ వంతులు మార్చుకునే ఆ నలుగురి దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. ఎవరి భుజం నొస్తోందో అడక్కుండానే కనిపెడతారు.

అక్క: ఆ మాట మీద మనిద్దరికీ పేచీ లేదు.

నేను: వచ్చే ఆగస్టులో రా అక్కా. బిషప్ కనుమ కింద డ్యూసీ లోయలో నాలుగు రోజులే నడుద్దాం. ఆ మరుసటి ఏడు నేను కశ్మీర్ వస్తాను. గుర్రాలతోనే. మొదటి రోజే పేరు అడుగుతాను.

అక్క: మోకాలు?

నేను: ఇద్దరిలో ఎవరిది ముందు పట్టేస్తే వాళ్లు ముందు నడవాలి.

చెప్పులు కుట్టే తాత మనవడు బాగుచేసిన పట్టీ తెచ్చిచ్చాడు. దాన్ని కొరికింది మార్మోట్ అనీ, కొండ ఉడుత లాంటి బొద్దు జంతువనీ, చెమటలోని ఉప్పు కోసం తినేసిందనీ వాడికి చెబితే నమ్మలేదు. అక్క పట్టీ తగిలించి లోపలికి వెళ్లింది. తన శాలువా, ఉన్ని కోటు, ఒక జత బట్టలు, దుప్పటి, నీళ్లు నింపిన రెండు సీసాలు తెచ్చి ఒక్కొక్కటే సంచీలో పెట్టింది. చేతిలో ఒక పుస్తకం కూడా ఉంది. కాసేపు తటపటాయించి దాన్ని బల్ల మీద పెట్టేసింది. సంచీని కొక్కేనికి తగిలించింది. ముల్లు ఊగి ఊగి, ఏడున్నర దగ్గర ఆగింది.

"ఇంతవరకు నాది," అంది. "మిగతాది కూర్చుని పంచుకుందాం."